డిజిటల్ బొమ్మలకు సాఫ్ట్‌వేర్, పరికరాలు: ఎంపిక నుంచి అచ్చు దాకా

డిజిటల్‌గా బొమ్మలు వేయాలనుకునేవారు ముందుగా అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ మంచిది, ఏ ట్యాబ్ కొనాలి అని. ఆ రెండింటికంటే ముందు తేల్చుకోవలసింది, వేయబోయే బొమ్మ చివరకు ఎక్కడ కనిపించాలన్నది. ఫోన్ తెర మీద కనిపించాలా, పత్రిక పేజీలో పడాలా, శుభలేఖగా అచ్చవ్వాలా, వీధి మొదట్లో కట్టే ఫ్లెక్సీ కావాలా, లేక కదిలే బొమ్మగా మారాలా? కాన్వాస్ కొలత, రంగుల పద్ధతి, సాఫ్ట్‌వేర్, కంప్యూటర్‌లో ఉండవలసిన మెమరీ, అన్నీ ఈ ఒక్క జవాబు మీదే ఆధారపడి ఉంటాయి. ఆ జవాబు లేకుండా దుకాణానికి వెళితే, అవసరానికి మించిన పరికరమో సరిపోని పరికరమో ఇంటికి వస్తుంది.

ఈ మార్గదర్శిలో ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా తీసుకుంటున్నాను. ఆషాఢ మాసంలో జంటనగరాల్లో జరిగే బోనాల కోసం ఒక శుభాకాంక్షల పత్రం తయారు చేద్దాం. పసుపు పూసిన కుండ, దాని మీద కుంకుమ బొట్లు, చుట్టూ వేపరెమ్మలు, పైన వెలిగే దీపం, కింద తెలుగు అక్షరాలు ఉంటాయి. అది ఏ4 కాగితం మీద అచ్చు వేయించడానికీ, వాట్సాప్‌లో పంపుకోవడానికీ పనికిరావాలి.

మొదటి దశ: కొలత నిర్ణయించుకోవడం

డిజిటల్ బొమ్మలు రెండు రకాలు. రాస్టర్ బొమ్మ పిక్సెళ్లతో, అంటే చిన్న చిన్న రంగు చుక్కలతో, ఏర్పడుతుంది కాబట్టి, ఉన్న కొలతకు మించి పెంచితే అంచులు మసకబారుతాయి. వెక్టర్ బొమ్మ గీతల గణితంతో ఏర్పడుతుంది కాబట్టి ఎంత పెంచినా అంచులు చెక్కుచెదరవు. రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోయే పనికి రాస్టర్ తగినది. లోగోలు, అక్షరాలు, స్పష్టమైన అంచులున్న అలంకరణలు వెక్టర్‌లో చేసుకోవాలి. మన పత్రంలో కుండ, దీపం రాస్టర్‌గానూ అక్షరాలు వెక్టర్‌గానూ ఉంటాయి.

చేతిలో పట్టుకుని చూసే అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలన్నది అచ్చు రంగంలో స్థిరపడిన లెక్క. దాని ప్రకారం ఏ4 కాగితానికి 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. అయితే అచ్చయిన తరువాత కాగితం అంచులు కోస్తారు కాబట్టి, కోత అటూ ఇటూ జరిగినా తెల్లటి గీత కనబడకుండా నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. అప్పుడు కాన్వాస్ 216 × 303 మిల్లీమీటర్లు, అంటే సుమారు 2551 × 3579 పిక్సెళ్లు అవుతుంది. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 72 నుంచి 100 పిక్సెళ్లు చాలు. పది అడుగుల బ్యానర్‌కు 300 పెట్టుకుంటే కంప్యూటర్ మొరాయించడం తప్ప వచ్చే లాభం లేదు. కొలతను ఎప్పుడూ మొదటే పెద్దదిగా పెట్టుకోండి. పెద్ద బొమ్మను తరువాత తగ్గించుకోవచ్చు, చిన్నగా మొదలుపెట్టిన రాస్టర్ బొమ్మను మాత్రం పెంచలేము.

మెమరీ లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. బొమ్మలోని భాగాలను ఒకదాని మీద ఒకటి పరిచే పొరలను లేయర్లు అంటారు. ఏ4 కొలతలో ఒక నిండు లేయర్ దాదాపు 35 ఎంబీ ర్యామ్ తీసుకుంటుంది, ఇరవై లేయర్లకు అది 700 ఎంబీ అవుతుంది. అన్‌డూ (చేసినదాన్ని వెనక్కి తీసుకోవడం) కోసం సాఫ్ట్‌వేర్ దాచుకునే మెట్లు దీనికి అదనం. అందువల్ల 8 జీబీ ర్యామ్‌తో పని మొదలుపెట్టవచ్చు, 16 జీబీ ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు.

రెండో దశ: సాఫ్ట్‌వేర్

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలనుకునేవారికి నేను సంకోచం లేకుండా సూచించేది క్రిటా. ఇది ఓపెన్ సోర్స్ (మూల కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) సాఫ్ట్‌వేర్, చిత్రకారుల కోసమే తయారైంది. విండోస్, లినక్స్, మ్యాక్‌లలో పనిచేస్తుంది, అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగా లభిస్తుంది. స్టీమ్, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లలో దానికి ధర కనిపిస్తుంది గానీ అక్కడ దొరికేదీ ఇదే సాఫ్ట్‌వేర్, ఆ డబ్బు దాని అభివృద్ధికి వెళుతుంది. బ్రష్‌లు, లేయర్లు, ఫ్రేముల వారీ యానిమేషన్, అచ్చు రంగులను ముందే చూసుకునే సదుపాయం అన్నీ ఇందులో ఉన్నాయి. ఉచితం కాబట్టి నాసిరకమై ఉంటుందన్న అనుమానం పెట్టుకోవద్దు. వృత్తిగా బొమ్మలు వేసేవారు కూడా దీనితో పని చేస్తున్నారు.

వెక్టర్ పనికి ఇంక్‌స్కేప్, పేజీ కూర్పుకు స్క్రైబస్, త్రీడీకి బ్లెండర్ కూడా ఉచితమే. గింప్ మంచి సాఫ్ట్‌వేరే గానీ దాని బలం ఫోటోలు సవరించడంలో ఉంది. బొమ్మలు వేయడానికి దానికంటే క్రిటా హాయిగా ఉంటుంది.

డబ్బు చెల్లించి వాడేవాటిలో 1990లో వచ్చిన ఫోటోషాప్ ఇప్పటికీ ప్రకటనల సంస్థల్లోనూ పత్రికా కార్యాలయాల్లోనూ ఉమ్మడి భాషలాంటిది. ఉద్యోగం కోసం నేర్చుకునేవారు దాన్ని తప్పించుకోలేరు, కానీ దానికి చందా కడుతూ ఉండాలి. కామిక్స్ వేయాలనుకునేవారికి క్లిప్ స్టూడియో పెయింట్ అనువైనది, పేజీని గడులుగా విభజించడానికీ మాటల బుడగలు పెట్టడానికీ అందులో ప్రత్యేక సాధనాలు ఉన్నాయి. ఐప్యాడ్ ఉన్నవారికి ప్రొక్రియేట్ ఒక్కసారి కొంటే సరిపోతుంది, నెలవారీ చందా ఉండదు, అయితే అది కంప్యూటర్‌లో గానీ ఆండ్రాయిడ్‌లో గానీ దొరకదు. ఫోన్‌లోనే మొదలుపెట్టాలనుకునే విద్యార్థులకు ఐబిస్ పెయింట్ సరిపోతుంది. దొంగ కాపీల జోలికి మాత్రం పోవద్దు. లైసెన్స్ తాళం తీసిన సాఫ్ట్‌వేర్‌తో పాటు వైరస్ వచ్చి, ఏళ్ల తరబడి దాచుకున్న బొమ్మలన్నీ పోగొట్టే ప్రమాదం ఉంది. నాణ్యమైన ఉచిత సాఫ్ట్‌వేర్ అందుబాటులో ఉండగా ఆ ప్రమాదం ఎందుకు?

ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నాక కొన్ని నెలల పాటు దానితోనే ఉండండి. లేయర్లు, బ్లెండింగ్ మోడ్‌లు (పై లేయర్ రంగు కిందిదానితో కలిసే తీరు), మాస్క్‌లు (లేయర్‌లో కొంత భాగాన్ని కప్పి ఉంచేవి) అన్నిటిలోనూ ఒకే సూత్రం మీద నడుస్తాయి కాబట్టి, ఒకచోట బాగా తెలిసినది మరోచోట వృథా కాదు.

మూడో దశ: పెన్, ట్యాబ్లెట్

మౌస్‌తో వెక్టర్ పని చేయవచ్చు. చేతి ఒత్తిడికి తగ్గట్టు గీత సన్నబడాలన్నా లావెక్కాలన్నా పెన్ ట్యాబ్లెట్ కావాలి. తెర లేని ట్యాబ్లెట్ అన్నిటికంటే చవక. చేయి ఒకచోట, చూపు మరోచోట ఉండడం మొదట ఇబ్బందిగా ఉంటుంది గానీ కొద్ది రోజుల్లో అలవాటవుతుంది, పైగా మెడ వంచనవసరం లేదు. తెర ఉన్న ట్యాబ్లెట్ కాగితం మీద గీసినట్టే ఉంటుంది, ధర ఎక్కువ, వైర్లూ ఎక్కువ. ఐప్యాడ్ లేదా ఎస్ పెన్‌తో వచ్చే శామ్‌సంగ్ ట్యాబ్ ఉంటే మెట్రోలో కూర్చుని కూడా గీసుకోవచ్చు. రబ్బరు మొన ఉన్న చవక స్టైలస్‌లు వేలికి బదులుగా పనిచేస్తాయి తప్ప ఒత్తిడిని గ్రహించవు, వాటి మీద ఖర్చు పెట్టకండి.

వాకమ్, హుయాన్, ఎక్స్‌పీ పెన్ ట్యాబ్లెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. చేత్తో పట్టుకుని చూసి కొనాలనుకునేవారు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీగా పేరుపడిన చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విచారించవచ్చు. ఒకే సముదాయంలో చాలా కంప్యూటర్ దుకాణాలు ఉన్నాయి కాబట్టి ధరలు పోల్చుకోవడం సులువు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించే 8192 ఒత్తిడి స్థాయిలను చూసి మురిసిపోవద్దు. 4096 స్థాయిలకూ 8192 స్థాయిలకూ తేడాను చేయి పసిగట్టడం కష్టం. గమనించవలసింది, పెన్ను ఎంత మృదువుగా తాకించినా గీత పడుతోందా అన్నది. దుకాణంలో పెన్‌ను దాదాపు తేలించినట్టుగా పట్టుకుని మెల్లగా ఒక ఏటవాలు గీత గీసి చూడండి. అది మధ్యలో తెగకుండా, మెట్లు మెట్లుగా వంకర పోకుండా వస్తే ఆ పెన్ మంచిదే. పెన్‌కు బ్యాటరీ అవసరం లేని రకమే తీసుకోండి. అరిగిపోయే మొనలకు బదులు మొనలు దొరుకుతాయో లేదో, వారంటీ బిల్లు మీద రాసి ఇస్తారో లేదో కనుక్కోండి. గీసే జాగా 6 × 4 అంగుళాలు ఉన్నా నేర్చుకోవడానికి చాలు, భుజం కదిలించి పొడవైన గీతలు గీసేవారికి 10 × 6 సౌకర్యంగా ఉంటుంది.

ఇంటికి తెచ్చాక పాత ట్యాబ్లెట్ డ్రైవర్ (ట్యాబ్లెట్‌ను కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) ఏదైనా ఉంటే తీసేసి, కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ పెట్టి, తయారీదారు వెబ్‌సైట్ నుంచి కొత్త డ్రైవర్ దించుకోండి. తరువాత ఒక గుండ్రటి గిన్నెను ట్యాబ్లెట్ మీద బోర్లించి దాని అంచు వెంట పెన్ తిప్పండి. తెర మీద గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో వస్తే, ట్యాబ్లెట్ పొడవు వెడల్పుల నిష్పత్తి తెర నిష్పత్తితో కలవడం లేదని అర్థం. డ్రైవర్ సెట్టింగుల్లో నిష్పత్తిని తెరకు సరిపెట్టే ఎంపికను ఆన్ చేస్తే అది సరిపోతుంది. కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది తమ చేతికి గుండ్రాలు రావని నిరాశపడతారు. అసలు లోపం ఈ సెట్టింగులో ఉండవచ్చు. గీతకు ఒత్తిడి అసలే తెలియకపోతే, క్రిటా సెట్టింగుల్లో ట్యాబ్లెట్ విభాగానికి వెళ్లి పెన్ సంకేతాలను అందుకునే రెండు పద్ధతులైన విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్‌లలో ఇప్పుడు ఉన్నదాన్ని మార్చి, సాఫ్ట్‌వేర్‌ను మూసి తెరిచి చూడండి.

నాలుగో దశ: బోనం గీయడం

క్రిటాలో కొత్త ఫైల్ తెరిచి పైన చెప్పిన కొలత, 300 రిజల్యూషన్ (అంగుళానికి పిక్సెళ్లు), తెర రంగులకు వాడే ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్, 8 బిట్ ఎంచుకోండి. చేతికి ముందు అలవాటు కావలసిన షార్ట్‌కట్‌లు కొన్నే: బ్రష్‌కు బి, చెరపడానికి ఇ, కంట్రోల్ పట్టి తాకితే ఆ చోటి రంగు చేతికి వస్తుంది, షిఫ్ట్ పట్టి లాగితే బ్రష్ పరిమాణం మారుతుంది, ఎం నొక్కితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తుంది.

మొదటి లేయర్‌లో లేత రంగుతో ముతక గీతలు గీయండి. కుండ రెండు వైపులా సమానంగా రావడం కొత్తవారికి కష్టం. ఎం నొక్కి చూస్తే ఒరిగిన వైపు వెంటనే పట్టుబడుతుంది. మూతి అంచు కోసం అసిస్టెంట్ సాధనంలోని దీర్ఘవృత్తాన్ని వాడుకోవచ్చు. వేపరెమ్మల దగ్గర కాస్త ఓపిక పట్టండి. వేపాకు అంచు రంపపు పళ్లలా ఉంటుంది, ఆకు తొడిమ దగ్గర రెండు సగాలూ సమానంగా ఉండవు, కొడవలిలా కొంచెం వంగి ఉంటుంది. ఒకే ఆకును గీసి దాన్నే నకలు చేస్తూ పోతే రెమ్మ ప్లాస్టిక్ తోరణంలా కనిపిస్తుంది. కనీసం ఐదారు ఆకులను విడివిడిగా గీసి, వాటిని తిప్పుతూ పేర్చండి.

ముతక గీతల లేయర్ ఒపాసిటీని (నిండుదనాన్ని) నాలుగో వంతుకు తగ్గించి, దాని పైన కొత్త లేయర్‌లో శుభ్రమైన గీతలు గీయండి. చేయి వణికితే బ్రష్ సాధనం ఎంపికల్లో గీతను నిలకడగా ఉంచే స్టెబిలైజర్ ఆన్ చేసుకోవచ్చు. అయితే దాన్ని ఎక్కువగా పెంచితే గీత పెన్ వెనుక ఈడ్చుకొస్తున్నట్టుగా సాగి, జీవం లేకుండా పోతుంది.

రంగులకు గీతల లేయర్ కింద ఒక గ్రూప్ పెట్టుకుని, కుండ, ఆకులు, దీపం, నేపథ్యం వేరువేరు లేయర్లలో నిండు రంగుతో పూయండి. ఈ దశలో నీడలు వద్దు, రంగుల పొత్తు కుదిరిందో లేదో చూసుకుంటే చాలు. ఇందుకు చేర్యాల నకాషీ పటాల కంటే మంచి పాఠం నాకు తెలియదు. ఎర్రటి నేపథ్యం, దాని మీద కొద్దిపాటి గట్టి రంగులు, స్పష్టమైన గీతలు, అంతటితోనే కథ మొత్తం నడుస్తుంది. మన పత్రానికి కూడా నేపథ్యంగా ముదురు కుంకుమ రంగు తీసుకుంటే పసుపు కుండ దానంతట అదే ముందుకు వస్తుంది.

ఇక నీడలు. కుండ లేయర్ పైన మరో లేయర్ పెట్టి, దాని బ్లెండింగ్ మోడ్‌ను కింది రంగును ముదురు చేసే మల్టిప్లైగా మార్చి, కుండ అంచు దాటి రంగు పోకుండా ఇన్‌హెరిట్ ఆల్ఫా గుర్తును నొక్కండి. కుండ, దాని నీడ రెండూ ఒకే గ్రూపులో ఉంటేనే ఇది సరిగా పనిచేస్తుంది. ఇదే పనిని ఫోటోషాప్, ప్రొక్రియేట్‌లలో క్లిప్పింగ్ మాస్క్ చేస్తుంది. పసుపు మీద నలుపుతో నీడ వేస్తే బూడిదాకుపచ్చగా, మాసినట్టుగా కనిపిస్తుంది. కాషాయం నుంచి ఇటుక రంగు వైపుకు వెళ్లండి. వెలుగు పైనున్న దీపం నుంచి వస్తోంది కాబట్టి కుండ భుజం అన్నిటికంటే ప్రకాశంగా ఉంటుంది, మూతి అంచు కింద మెడ దగ్గర చిక్కటి నీడ పడుతుంది, పొట్ట కిందికి పోయేకొద్దీ మసకబారుతుంది. దీపం దగ్గరి ఆకుల పై అంచులకు సన్నటి పసుపు గీత ఒక్కటి పెడితే, ఆ వెలుగు నిజంగా వాటి మీద పడినట్టు ఉంటుంది.

మంటకు మధ్యలో దాదాపు తెల్లటి పసుపు, అంచుల్లో నారింజ, వత్తి మొదట్లో చిటికెడు నీలం సరిపోతాయి. చుట్టూ కాంతి వలయం కోసం, కింది రంగును వెలిగించే స్క్రీన్ మోడ్‌లో ఒక లేయర్ తీసుకుని మెత్తటి ఎయిర్ బ్రష్‌తో ఒకటి రెండు సార్లు తాకించండి. కొత్తవారు ఎక్కువగా శ్రుతి మించేది ఇక్కడే. వలయాన్ని పెంచి దీపాన్ని ప్రకాశింపజేయాలని చూడకుండా, చుట్టూ ఉన్న నేపథ్యాన్ని ఇంకొంచెం చీకటి చేసి చూడండి.

ఐదో దశ: తెలుగు అక్షరాలు

మన భాషలో పని చేసేవారికి అన్నిటికంటే ఎక్కువ చిక్కులు ఇక్కడే వస్తాయి. ఆంగ్లంలో అక్షరాలను వరుసగా పేర్చితే సరిపోతుంది. తెలుగులో గుణింతపు గుర్తులూ ఒత్తులూ పైకీ కిందికీ కుదురుకోవాలి. అది చేసే ఇంజన్ సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే ‘శుభాకాంక్షలు’లోని క్ష విడిపోయి ‘క్’, ‘ష’ పక్కపక్కన నిలబడతాయి. అందువల్ల ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ముందుగా ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’ అని టైప్ చేసి చూడండి. ఈ మూడూ సరిగా వస్తే మిగతావీ వస్తాయి. ఫోటోషాప్‌లో అక్షరాలు విరిగితే వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. కొన్ని పాత సంచికల్లో అదే ఎంపిక మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అన్న పేరుతో ఉంటుంది. ఇంక్‌స్కేప్‌లో ఏ సెట్టింగూ మార్చకుండానే తెలుగు సరిగా వస్తుంది, అందుకే బొమ్మ క్రిటాలో వేసినా అక్షరాలు ఇంక్‌స్కేప్‌లో కూర్చుకోవడమే నాకు మేలనిపిస్తుంది.

గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న, గిడుగు, పొన్నాల వంటి యూనికోడ్ (అన్ని పరికరాలూ ఒకేలా చదివే అక్షర సంకేత పద్ధతి) ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, వాణిజ్య పనులకు కూడా వాడుకోవచ్చు. శీర్షికకు రామభద్ర వంటి లావైనది, కింది వాక్యాలకు మండలి వంటి నిండైనది బాగుంటాయి. డీటీపీ సెంటర్లలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఫోన్‌లో టైప్ చేసిన తెలుగును అక్కడ అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి, మార్పిడి చేసి వాడాలి, మార్పిడి తరువాత అక్షరం అక్షరం సరిచూడాలి.

పంక్తుల మధ్య ఎడం ఆంగ్లానికి పెట్టినంత పెడితే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడుల మీద ఎక్కుతాయి. అక్షరం పరిమాణానికి ఒకటిన్నర రెట్ల దాకా ఎడం ఇవ్వండి. అక్షరాల చుట్టూ లావైన అవుట్‌లైన్ పెట్టే అలవాటు ఫ్లెక్సీల్లో తరచుగా కనిపిస్తుంది. దానివల్ల అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోయి దూరం నుంచి చదవలేకపోతాం. అవుట్‌లైన్ తప్పనిసరైతే దాన్ని అక్షరం వెనుక వేరే పొరగా ఉంచండి.

అక్షరాలు ఖరారయ్యాక, ప్రెస్ వారి కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోయినా మారిపోకుండా వాటిని పాత్‌గా, అంటే మామూలు వెక్టర్ గీతలుగా, మార్చాలి. ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూలోని ఆబ్జెక్ట్ టు పాత్ ఆ పని చేస్తుంది. మార్చిన తరువాత అక్షరదోషం దిద్దడం కుదరదు. అందుకని ముందు మరొకరి చేత చదివించండి, దిద్దుకోదగిన ప్రతిని వేరే పేరుతో దాచుకోండి.

ఆరో దశ: భద్రపరచడం, ఎగుమతి, అచ్చు

పని సాగుతున్నంతసేపూ అసలు ఫైల్ క్రిటా సొంత రూపమైన కేఆర్‌ఏలోనే ఉండాలి. కంట్రోల్, ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే పాతదాని మీద రాయకుండా వరుస సంఖ్యతో కొత్త ప్రతి తయారవుతుంది. ప్రతి దశ చివరా ఇది చేయండి. డెస్క్‌టాప్ వాడేవారికి వేసవి గాలివానల కరెంటు కోతల్లో చిన్న యూపీఎస్ తప్పనిసరి. ఒక ప్రతిని బయటి డ్రైవ్‌లో, మరొకదాన్ని క్లౌడ్‌లో ఉంచుకోండి.

వాట్సాప్ కోసం పొడవు వైపు 2000 పిక్సెళ్లకు తగ్గించి పీఎన్‌జీగా గానీ నాణ్యత ఎక్కువ పెట్టిన జేపెగ్‌గా గానీ ఎగుమతి చేయండి. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

అచ్చు సంగతి వేరు. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగులు చూపిస్తుంది, ప్రెస్ సయాన్, మజెంటా, పసుపు, నలుపు సిరాలతో వాటిని రప్పిస్తుంది. మన బోనంలో పసుపూ కుంకుమా చాలావరకు నిలుస్తాయి. నిగనిగలాడే వేపాకు పచ్చ మాత్రం కాగితం మీద కాస్త నిస్తేజమవుతుంది. క్రిటాలో కంట్రోల్, వై నొక్కితే సాఫ్ట్ ప్రూఫింగ్ ఆన్ అయి ఆ మార్పు ముందే తెర మీద కనిపిస్తుంది. ఆ స్థితిలోనే ఆకులను సరిదిద్దుకోండి. చిన్న నల్ల అక్షరాలను బొమ్మలో భాగంగా పంపితే అవి నాలుగు సిరాల మిశ్రమంగా పడతాయి, ప్లేట్లు వెంట్రుకవాసి కదిలినా అంచుల్లో రంగులు తొంగిచూస్తాయి. స్క్రైబస్‌లో బొమ్మను కింద పరిచి, పాత్‌గా మార్చిన అక్షరాలను పైన పెట్టి, వాటికి నల్ల సిరా మాత్రమే 100 శాతం ఇచ్చి పీడీఎఫ్ తీస్తే ఆ ఇబ్బంది ఉండదు.

పాతబస్తీలోని ఛత్తా బజార్ శుభలేఖల అచ్చుకూ ఉర్దూ ఖుష్‌నవీసులకూ (అందమైన చేతిరాత కళాకారులకూ) పేరున్న చోటు. కొద్ది ప్రతులకు మీ ప్రాంతంలోని డిజిటల్ ప్రింట్ దుకాణం చాలు, ఎక్కువ ప్రతులకు ప్లేట్లతో అచ్చు వేసే ఆఫ్‌సెట్ గిట్టుబాటవుతుంది. ఎక్కడ ఇచ్చినా ముందు మూడు విషయాలు అడగండి: పీడీఎఫ్ తీసుకుంటారా టిఫ్ కావాలా, అంచుకు ఎన్ని మిల్లీమీటర్లు వదలమంటారు, కాగితం నిగనిగలాడేదా లేనిదా. నిగనిగ లేని కాగితం సిరాను పీల్చుకుని రంగులను మరింత ముదురుగా చూపిస్తుంది కాబట్టి, దాన్ని ఎంచుకుంటే కుండ నీడలను ఒక మెట్టు తేలిక చేసి ఇవ్వాలి. మొత్తం ప్రతులకు సరేననే ముందు అదే కాగితం మీద ఒక్క నమూనా ప్రతి తీయించి, దుకాణంలోని ట్యూబ్‌లైట్ కింద ఒకసారి, బయట పగటి వెలుగులో మరోసారి చూడండి. మూతి కింది నీడలో వివరాలు కనిపిస్తున్నాయా, దీపం చుట్టూ వలయం చారలు చారలుగా కాకుండా నునుపుగా వచ్చిందా, అక్షరాల అంచులు శుభ్రంగా ఉన్నాయా అన్నవి సరిచూసుకుని, దిద్దవలసినవి దిద్ది ఇచ్చాకే అచ్చు మొదలుపెట్టమని చెప్పండి.